అనౌన్సరమ్మ చేసిన పెళ్ళి

పెళ్ళి తొమ్మిది రోజులుందనగా మాస్టారు స్నానాలగదిలో జారిపడ్డాడు.

"తుంటి ఎముకరా," అన్నాడు ఫోన్లో, గొడుగెక్కడో మర్చిపోయినంత మామూలుగా. "మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. నలభై పెళ్ళిళ్ళు చేశాను, నీ కూతురి పెళ్ళి చేసే రాత మాత్రం నాకు లేదు. రాత అనకూడదనుకో, మనం నమ్మంగా."

మాస్టారు నా చిన్ననాటి స్నేహితుడు. బడిలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. సెలవురోజుల్లో ఏ దేవుడి పేరూ ఎత్తకుండా పెళ్ళిళ్ళు చేయించేవాడు. అతనొస్తాడన్న ధైర్యంతోనే నేను మా ఊరినుంచి పది గంటలు రైల్లో కూర్చుని, అమ్మాయి ఉద్యోగం చేస్తున్న ఈ ఊరికి ముందుగా వచ్చాను. ఇక్కడ నాకు తెలిసినవి రెండే: అమ్మాయి ఉండే మూడో అంతస్తు ఇల్లు, కింద పాలు అమ్మే దుకాణం.

ఈ పెళ్ళి ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో చెప్పాలి. మా అమ్మాయి మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. పెళ్ళికొడుకు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. వాళ్ళ మతం వేరు, మా మతం వేరు. వాళ్ళ పద్ధతిలో చేస్తే మా అక్కయ్య రానంది. మా పద్ధతిలో చేస్తే వాళ్ళ నానమ్మగారు రానంది. తల్లీతండ్రీ లేని అబ్బాయిని ఐదో ఏటినుంచి పెంచిన మనిషి ఆవిడ. ఆవిడ లేకుండా అతను పెళ్ళి చేసుకోడు, అతను అలా చేసుకుంటానన్నా మా అమ్మాయి చేసుకోదు. చివరికి ఎవరి పద్ధతీ వద్దు, మాటలతోనే పెళ్ళి అనుకున్నాం.

అప్పుడు కూడా నానమ్మగారు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. రెండు నెలల కిందట వాళ్ళింట్లో, గోడవైపు వేసిన కుర్చీలో నిటారుగా కూర్చుని ఆవిడ అడిగిన మాట నాకింకా గుర్తుంది.

"దేవుడు సాక్షి కాకపోతే మరెవరు సాక్షి నాయనా? రేపు వీళ్ళిద్దర్లో ఒకళ్ళు మాట తప్పితే రెండోవాళ్ళు ఎవరి దగ్గరికెళ్ళి చెప్పుకోవాలి?"

అమ్మాయి తల దించుకుని పమిట కొసని మడతలు పెడుతోంది. వాళ్ళమ్మ కూడా దుఃఖం ఆపుకునేటప్పుడు అలాగే చేసేది. అది చూడలేక నోరు జారాను.

"మా ఆవిడ పోయేముందు అమ్మాయి చెయ్యి పట్టుకుని చెప్పిందమ్మా. నీ పెళ్ళి ఏ దేవుడి పేరుమీదా వద్దు, మీ ఇద్దరి మాటమీదే జరగాలి అని. అదే ఆవిడ ఆఖరి మాట."

నానమ్మగారు నావైపు తిరిగింది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "పోయిన మనిషి మాట. కాదంటే నాకు పాపం," అంది. పెళ్ళి ఖాయమైంది.

అదంతా అబద్ధం. మా ఆవిడ అలాంటి మాటేదీ అనలేదు. ఆ సంగతి నాకూ, ఆ వేళ గదిలో ఉన్న అమ్మాయికీ మాత్రమే తెలుసు. అమ్మాయి ఆ రోజుగాని తర్వాతగాని ఒక్క ముక్క అనలేదు.

*

మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ వెనక జలుబుతో బాధపడుతున్న గుమాస్తా నా గోడు మొత్తం విన్నాడు.

"మేం సంతకాలు పెట్టించుకుంటామండీ. సభలో నిలబడి పెళ్ళి చేయించే మనిషి మా దగ్గర ఉండడు," అని, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండు ఫోన్ నంబర్లు ఇచ్చాడు.

మొదటి నంబరు ఓ వ్యాఖ్యాతది. మెరుపుల కోటు వేసుకుని తన ఆఫీసులో నాకు వీడియో చూపించాడు. అందులో పెళ్ళికూతురు పొగలోంచి వస్తోంది, వెనక అతను, "చప్పట్లు! ఇంకా గట్టిగా!" అని అరుస్తున్నాడు. నానమ్మగారు ఆ పొగలో దగ్గుతూ కూర్చున్నట్టు ఊహించుకుని లేచి దణ్ణం పెట్టాను.

రెండో ఆయన ఉపన్యాసకుడు. ఇల్లంతా పుస్తకాలు. మంచివాడే, కాఫీ ఇచ్చాడు. "ముందు నలభై నిమిషాలు మతాలన్నిటినీ కడిగేస్తాను. ఆ తర్వాత పెళ్ళి రెండు నిమిషాలు," అన్నాడు ఉత్సాహంగా. కడగడం ఆపి ఒట్టి పెళ్ళి చేయరా అంటే చిన్నబుచ్చుకున్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది నా పని.

మూడోరోజు మళ్ళీ గుమాస్తా కిటికీ దగ్గర నిలబడ్డాను. నా మొహం చూసి ఆయన అడగాల్సిందేమీ లేకపోయింది. టోకెను చీటీ ఒకటి చింపి, వెనక ఏదో రాసి తోశాడు.

"రైల్వే స్టేషన్లో అనౌన్సరు. మా చెల్లెలి పెళ్ళి ఆవిడే చేసింది. అందరికీ ఒప్పుకోదు. అడిగి చూడండి."

ఆవిడ పేరు నాకు తెలియదు కాని, గొంతు తెలుసు. నేను ఈ ఊరొచ్చిన రోజున స్టేషను బయట మా బండి ఆగిపోయింది. ప్లాట్‌ఫారం మీది మైకు మా పెట్టెలోకి వినబడుతోంది. "బండి నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కారణం నాకింకా తెలియలేదు. తెలియగానే చెబుతాను." ఇంతే. పదకొండు నిమిషాల తర్వాత నిజంగానే చెప్పింది. చెబుతానన్నవాళ్ళు చెప్పడం మన బతుకులో ఎన్నిసార్లు జరుగుతుంది? నా ఎదుటి సీటాయన అప్పటిదాకా రైల్వేవాళ్ళని తిడుతున్నవాడు, చెప్పులు విప్పి కాళ్ళు చాపుకున్నాడు.

అక్కయ్యకి ఫోన్లో చెబితే విరగబడి నవ్వింది.

"స్టేషన్లో మైకు మనిషా! ఇంకేం, ‘పెళ్ళికూతురు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది’ అంటుంది. మీ బావగారిని పచ్చజెండా పట్టుకుని నిలబడమననా?"

"నిలబడమను. ఆయనకి కూర్చోబెడితే నిద్రొస్తుందిగా," అన్నాను. చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం.

*

అనౌన్సరమ్మ గది ప్లాట్‌ఫారం చివర, మెట్లకింద ఉంది. మంచం పడితే మనిషి పట్టనంత గది. బల్లమీద మైకు, ఎర్ర బల్బు, రిజిస్టరు, దారానికి కట్టిన పెన్సిలు. గోడకి ఫోను. దానిపైన ఎప్పుడో అంటించిన అట్టముక్క: ‘రూఢి కానిది చెప్పవద్దు.’ ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. జుట్టు గట్టిగా ముడేసుకుని, భుజాన స్వెట్టరు వేసుకుని కూర్చుంది.

నేను చెప్పిందంతా విని, మధ్యలో రెండుసార్లు వేలెత్తి నన్నాపి, రెండు బళ్ళ సంగతి మైకులో చెప్పి, చివరికి అంది.

"చేస్తానండీ. కాని నా పద్ధతి ఒకటుంది. సొంతంగా ఒక్క మాట చెప్పను. మీవాళ్ళందరితో మాట్లాడి, వాళ్ళు చెప్పిందే రాసుకుని చదువుతాను. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళని అడిగి సరిచూసుకుంటాను. సరిపడనిది చదవను. అది ఎంత బాగున్నా సరే."

"పెళ్ళి మాటలకి కూడానా?"

"పెళ్ళి మాటలకేనండీ ముఖ్యంగా. బండి తప్పితే ఇంకో బండి ఉంటుంది."

ఆ వారం ఆవిడ డ్యూటీ దిగాక మా ఇంటికి మూడుసార్లొచ్చింది. ఆవిడ పనిచేసే తీరు చూస్తుంటే నాకు నా పనితనం గుర్తొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు కళ్ళజోళ్ళ దుకాణం నడిపినవాణ్ణి. అద్దం వెంట్రుకవాసి తేడాగా కోసినా రాత్రికి తలనొప్పి ఎవరికొస్తుందో నాకు తెలుసు. ఈవిడ మాటల్ని అలా కోసేది.

మా పిల్లలిద్దరూ కలిసింది లిఫ్టులో. అమ్మాయి ల్యాబు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటే, బాగుచెయ్యడానికొచ్చిన ఇతను తలుపు సందులోంచి ఆమెతో మాట్లాడుతూ కూర్చున్నాడు.

"నలభై నిమిషాలండీ! నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడాను," అన్నాడు అల్లుడు.

"అబ్బో! పాతిక కూడా లేదు," అంది అమ్మాయి. "అందులో పదిహేను నిమిషాలు స్క్రూడ్రైవరెక్కడ పెట్టావో వెతుక్కున్నావు."

అనౌన్సరమ్మ నవ్వి ఊరుకోలేదు. మర్నాడు ల్యాబుకెళ్ళి లిఫ్టు మరమ్మతుల పుస్తకం తీయించింది. "ముప్ఫై ఒకటి," అంది తిరిగొచ్చి. "స్క్రూడ్రైవరు సంగతి పుస్తకంలో లేదు. అది మీ ఇద్దరూ తేల్చుకుంటే రాస్తాను." అల్లుడు తల గోక్కుని ఒప్పేసుకున్నాడు.

పెళ్ళికి రెండు రోజుల ముందు నానమ్మగారు దిగింది. స్టేషను ఎదురుగా లాడ్జీలో కిందిగది తీసుకున్నాం, మెట్లెక్కలేదని. అనౌన్సరమ్మ ఆవిడ దగ్గర ఒక గంట కూర్చుంది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"ఒకసారి స్టేషనుకి వస్తారా అండీ? మీరొక్కరే."

*

వెళ్ళేసరికి టీ తెప్పించి ఉంచింది. కుర్చీ నా వైపు జరిపి, రాసుకున్న కాగితం నా ముందు పెట్టి, మా ఆవిడ ఆఖరి మాట దగ్గర వేలుంచింది.

"నానమ్మగారు ఈ వాక్యం తప్పకుండా చదవాలన్నారు. దీనికోసమే ఒప్పుకున్నానన్నారు. మీ అమ్మాయి ఆ గదిలో ఉందన్నారు కాబట్టి అమ్మాయిని అడిగాను."

గ్లాసు బల్లమీద పెట్టాను. "ఏమంది?"

"ఔననలేదు, కాదనలేదు. ‘నాన్నని అడగండి’ అంది."

ఎర్ర బల్బు వెలిగింది. ఆవిడ మైకువైపు వంగి, ఏదో బండి మూడో నంబరు మీదికి వస్తోందని, పిల్లల్ని దగ్గరగా పట్టుకొమ్మని చెప్పి, బల్బు ఆర్పి నావైపు తిరిగింది. తొందరపెట్టలేదు. ఆ బండి వచ్చి, జనం దిగి, మళ్ళీ కదిలేదాకా కూడా తొందరపెట్టలేదు.

"అనలేదండీ," అన్నాను. "నేనే కల్పించాను."

ఆవిడ మొహంలో కోపంగాని ఆశ్చర్యంగాని కనపడలేదు. పెన్సిలుతో ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసింది. "మరి ఏమన్నారు ఆవిడ?"

మా ఆవిడ పోయిన ఈ ఆరేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు.

"మధ్యాహ్నం. వాన మొదలైంది. అమ్మాయికి పరీక్షలు. పుస్తకాలు కిటికీ గట్టుమీద పెట్టుకుని, మంచం పక్కనే కూర్చుని చదువుతోంది. మా ఆవిడ కళ్ళు తెరిచి, ‘ఆ కిటికీ వెయ్యండి, దాని పుస్తకాలు తడుస్తాయి’ అంది. వేసొచ్చాను. వచ్చేసరికి నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు." కాగితం ఆవిడవైపు తోశాను. "ఇందులో ఏముందండీ సభలో చెప్పడానికి? అందుకే..."

"ఇది నేను చదవగలను," అంది ఆవిడ. గొంతు ఎప్పటిలాగే ఉంది. స్వెట్టరు సర్దుకోవడానికి మాత్రం కాస్త ఎక్కువసేపు తీసుకుంది. "కాని ముందు నానమ్మగారికి మీరు చెప్పాలి. సభలో నా నోటినుంచి తెలియకూడదు. బండి రద్దయిందని ప్లాట్‌ఫారం మీద సామానుతో నిలబడ్డాక చెబితే ఎలా ఉంటుందండీ? ఇంకా ఇంట్లో ఉండగానే చెప్పాలి."

"చెబితే ఆవిడ పొద్దున బండెక్కి వెళ్ళిపోతుంది. పెళ్ళి ఆగిపోతుంది."

"ఆగచ్చు," అంది. ఆగదని అబద్ధం చెప్పలేదు.

*

మర్నాడు పొద్దున్నే లాడ్జీకి వెళ్ళాను. నానమ్మగారు మంచం అంచున కూర్చుని పేపరుతో కుస్తీ పడుతోంది. కళ్ళజోడు ఒకవైపుకి జారిపోయి ఉంది.

"ఇలా ఇవ్వండమ్మా," అని తీసుకున్నాను. చిన్న స్క్రూడ్రైవరు ఇప్పటికీ నా జేబులో ఉంటుంది. కాడ దగ్గర మర వదులైంది. దాన్ని బిగిస్తూ, తల ఎత్తకుండా అంతా చెప్పేశాను. కళ్ళజోడు లేకపోతే ఆవిడకి నా మొహం సరిగా ఆనదు. అది నాకు కాస్త ఊరటగానే ఉంది.



"రెండు నెలల్నించి," అంది ఆవిడ నెమ్మదిగా, "రోజూ పడుకోబోయేముందు నీ పెళ్ళాన్ని తలుచుకుంటున్నాను. నీ మాట నిలబెడుతున్నానమ్మా, నిశ్చింతగా ఉండు అని చెప్పుకుంటున్నాను. ముసల్దాన్ని, నన్నింత వెర్రిదాన్ని చేస్తావా?"

"తప్పయిపోయిందమ్మా."

"తప్పు కాకపోతే ఒప్పంటారా దీన్ని? ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నవాడివి ఇంకొక్క పూట మూసుకోలేకపోయావా? పెళ్ళయిపోయేది, నేనూ పోయేదాన్ని, ఎవడికి తెలిసేది?"

"ఆవిడ చదవనందమ్మా. అనౌన్సరమ్మ."

నానమ్మగారి తల నావైపు తిరిగింది. "చదవనందా? నేను చదవమన్నా?"

"అమ్మాయిని అడిగి సరిచూసుకుంది. నన్ను పిలిచి కొట్టేసింది. ముందు మీకు నేనే చెప్పాలంది. పెళ్ళి ఆగిపోతుందన్నాను. ఆగచ్చు అంది."

ఆవిడ చెయ్యి చాచింది. కళ్ళజోడు ఇచ్చాను. పెట్టుకుని, తల అటూ ఇటూ ఊపి చూసుకుంది. జారలేదు. నన్ను ఎగాదిగా చూసి, "ఫోను కలుపు," అంది.

కలిపి, గొంతు పెద్దగా వినబడేట్టు పెట్టాను.

"అమ్మాయ్, నేనమ్మా, లాడ్జీ ముసల్దాన్ని. ఒక్కమాట అడుగుతాను. నా మనవడు రేపు మాటిచ్చి ఐదేళ్ళకి తప్పాడనుకో. ఈ పిల్ల ఏడుస్తూ నీ దగ్గరికొచ్చింది. ఏం చేస్తావు?"

అటువైపు రైలు కూత వినిపించింది. అది ఆగేదాకా ఆగి అనౌన్సరమ్మ చెప్పింది.

"వాళ్ళన్న మాటలు రాసి ఇద్దరిచేతా సంతకాలు పెట్టిస్తానమ్మా. ఒక ప్రతి నా దగ్గరుంటుంది. ఎప్పుడొచ్చి అడిగినా ఏమన్నారో అక్షరం మార్చకుండా చదివి వినిపిస్తాను. అంతకంటే నా చేతుల్లో ఏం లేదు."

"ఇప్పటిదాకా ఎవరైనా వచ్చారా?"

"రెండు జంటలొచ్చాయమ్మా. ఒక జంట విన్నాక కలిసి వెళ్ళింది. ఇంకో జంట వినీ విడిపోయింది."

నానమ్మగారు ఫోను నాకు అందించింది. కిటికీలోంచి స్టేషను గడియారం వైపు చూసింది. తన పెట్టె సర్దమంటుందేమోనని నేను మంచం కిందికి చూశాను.

"నేనడిగితే చాలామంది తీపిగా అబద్ధం చెబుతారు నాయనా. నువ్వు చెప్పావుగా. ఈ పిల్ల నాకు నచ్చేదైనా సరే అబద్ధం చదవనంది. వినీ విడిపోయారని కూడా దాచలేదు." చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచింది. "సాక్షి ఎవరని అడిగాను చూడు. దొరికింది. పెళ్ళి కానివ్వండి. నీతో మాత్రం నేను తర్వాత మాట్లాడతాను."

"అలాగేనమ్మా."

"అలాగే కాదు. నాకూ ఒక ప్రతి కావాలి. పెద్దక్షరాల్లో. ఆవిడ చదువుతుంటే నేను వెంటే చూసుకుంటూ పోవాలి."

*

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆ ప్రతి నా చేత్తో రాశాను. దుకాణంలో దగ్గరి చూపు పరీక్షకి పెట్టే అట్టమీద మూడో వరుస ఎంతుంటుందో అంత అక్షరం. నానమ్మగారి అద్దాలకి మూరెడు దూరంలో అది హాయిగా ఆనుతుంది. అమ్మాయి వెనకనించి వచ్చి నా భుజం మీంచి చదివింది.

"నువ్వెందుకు చెప్పలేదే అప్పుడే, నాన్న అబద్ధమాడుతున్నాడని?" అన్నాను.

"నీకు అమ్మ ఆ మాటే అన్నట్టు ఉంటే బాగుంటుందేమో అనుకున్నాను నాన్నా." కిటికీ వాక్యం దగ్గర వేలు పెట్టింది. "నాకు మాత్రం ఇదే చాలు. ఆ పరీక్ష పాసయ్యానుగా." అని నా కళ్ళజోడు తీసి పమిట కొసతో తుడిచి పెట్టింది.

పెళ్ళి సైకిళ్ళ దుకాణం పైనున్న హాల్లో జరిగింది. అరవై కుర్చీలు, ఒక బల్ల, దానిమీద కాగితాలు, ఒక పెన్ను. మైకుంది కాని అనౌన్సరమ్మ దాన్ని పక్కకి జరిపింది. ఆ గొంతుకి హాల్లో దాని అవసరం లేదు. మా అక్కయ్య మొదటి వరుసలో బావగారి పక్కన కూర్చుంది. ఆయన చేతికి నిజంగానే పచ్చ జేబురుమాలు ఇచ్చి తీసుకొచ్చింది. రెండు నిమిషాల తర్వాత మాత్రం తనే ఆ రుమాలు లాక్కుని కళ్ళు తుడుచుకోవడం మొదలెట్టింది.

అనౌన్సరమ్మ లిఫ్టులో ముప్ఫై ఒక్క నిమిషాల సంగతి చదివింది. స్క్రూడ్రైవరు అల్లుడి చొక్కాజేబులోనే ఉందని చదివింది, హాలంతా నవ్వింది. మనవడికి జ్వరమొస్తే నానమ్మగారు తడిగుడ్డ మార్చిన రాత్రుల గురించి చదివింది. నానమ్మగారు ఒళ్ళో కాగితం పెట్టుకుని, ఆవిడ గొంతు వెంటే వేలు నడిపిస్తోంది. ఎక్కడైనా ఒక అక్షరం జారితే పట్టుకుందామన్నట్టు. ఎక్కడా జారలేదు.

"పెళ్ళికూతురి తల్లి ఇప్పుడు లేరు," అని చదివింది అనౌన్సరమ్మ. బళ్ళ సంగతి చెప్పినంత తేటగా, అంతే నెమ్మదిగా. "ఆవిడ ఆఖరున అన్న మాట ఇది. ‘ఆ కిటికీ వెయ్యండి, దాని పుస్తకాలు తడుస్తాయి.’"

నానమ్మగారి వేలు అక్కడ ఆగింది. ఆవిడ తల ఎత్తి, రెండు కుర్చీల అవతలున్న నావైపు చూసింది. కళ్ళజోడు జారలేదు. పక్కనున్న ఖాళీ కుర్చీ మీద రెండుసార్లు అరచేత్తో తట్టింది.

నేను లేచి వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ కాగితాన్ని సగం నా ఒళ్ళోకి జరిపి, మళ్ళీ వేలు పెట్టి, తర్వాతి వరుసకి నడిపించింది.